ఏడు ఎమిరేట్ల సభకు ఒక గుమ్మటం

1971 డిసెంబరు 2న ఆరు ఎమిరేట్లతో ఏర్పడి, మరుసటి ఫిబ్రవరిలో రాస్ అల్ ఖైమా చేరికతో ఏడుగా నిండిన యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, తన రాజ్యాంగాన్నీ, అబుధాబికిచ్చిన రాజధాని హోదానూ కూడా తాత్కాలికమనే రాసుకుంది. ఆ 'తాత్కాలికం' అన్న మాట తొలగడానికి 1996 దాకా పట్టింది. ఇటువంటి దేశానికి పార్లమెంటు భవనాన్ని రూపొందించడమంటే, పాతికేళ్లపాటు తన కలయికను తానే పరీక్షించుకున్న ఒక సమాఖ్యకు శాశ్వతరూపం ఇవ్వడమని అర్థం.

ఆ సభ పేరు ఫెడరల్ నేషనల్ కౌన్సిల్. అందులో నలభై స్థానాలుండగా, అబుధాబికి, దుబాయ్‌కి ఎనిమిదేసి, షార్జాకు, రాస్ అల్ ఖైమాకు ఆరేసి, అజ్మాన్, ఉమ్ అల్ ఖువైన్, ఫుజైరాలకు నాలుగేసి దక్కాయి. సభ్యుల్లో సగంమందిని 2006 నుంచి ప్రత్యేక ఓటర్ల మండలి ఎన్నుకుంటుండగా, మిగిలిన సగాన్ని పాలకులు నియమిస్తారు. 2019 నుంచి సభలో సగం మహిళలదే. సభ బిల్లులను చర్చించి సవరణలు సూచించగలదే గాని, తుది నిర్ణయం ఏడుగురు పాలకుల సుప్రీం కౌన్సిల్‌ది. అక్కడ కూడా ముఖ్యాంశాలకు ఐదుగురి సమ్మతి కావాలి, ఆ ఐదుగురిలో అబుధాబి, దుబాయ్ పాలకులు తప్పక ఉండాలి. కాబట్టి దేశం పేరులోనే ఉన్న 'ఐక్యత' అన్న మాటకు ఇక్కడ సమానత్వం అని కాక, తూకం అని అర్థం చెప్పుకోవడమే నిజానికి దగ్గర.

ఈ సభకు కొత్త భవన సముదాయం కోసం జరిగిన అంతర్జాతీయ పోటీలో, లాస్ ఏంజెలిస్ ప్రాంతానికి చెందిన స్టీవెన్ ఎర్లిక్ వాస్తుసంస్థ నమూనా గెలిచింది. యౌవనంలో మొరాకోలో పనిచేసి, స్థానిక నిర్మాణ సంప్రదాయాలను దగ్గరగా చూసిన ఎర్లిక్, సభామందిరంపై ఎడారి పూవును తలపించే, వంద మీటర్ల వ్యాసం గల గుమ్మటాన్ని ఊహించాడు. దాని అల్లికలో అరబ్బుల మష్రబియా ఉంది. మష్రబియా అంటే ఎండను ఆపి గాలిని రానిచ్చే జాలీ తెర. లోపలివారికి బయట కనిపిస్తుంది, బయటివారికి లోపల కనిపించదు. అటువంటి నీడనే ఇచ్చే మరో సంప్రదాయం అరీష్, అంటే ఖర్జూరపు మట్టలతో కట్టిన గుడిసె. తాటాకు పందిరి కింద కూర్చున్న ఏ తెలుగువాడికైనా ఆ చిల్లుల నీడ కొత్త కాదు. జాన్ నువెల్ రూపొందించిన లూవ్ర్ అబుధాబి (2017) గుమ్మటం సైతం, ఎనిమిది పొరలలో పేర్చిన 7,850 నక్షత్రాకృతుల గుండా ఇదే వెలుగును ప్రదర్శనశాలపై కురిపిస్తుంది. అందువల్ల ఈ వెలుగు ఇప్పుడు అబుధాబి ముద్రగా మారిపోయింది గాని, మ్యూజియంలో చిత్రాలను చూపే వెలుగు శాసనసభకు అదే అర్థాన్ని ఇస్తుందా అన్నది విచారించదగినది.

వాస్తుశిల్పులు ఎక్కువగా పట్టించుకోవలసింది, బహుశా గుమ్మటం కన్నా దాని కిందనున్న నేలను. గల్ఫు ప్రాంతంలో మజ్లిస్ అంటే కూర్చునే చోటు, కూర్చోవడమనే ఆచారం రెండూ. గోడల వెంట పరిచిన ఆసనాలలో ఊరిపెద్దా, పనికోసం వచ్చినవాడూ ఒకే వరుసలో కూర్చుని గహ్వా (అరబ్బీ కాఫీ) తాగుతూ మాట్లాడుకుంటారు. యునెస్కో 2015లో దీనిని అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. వేదికకు ఎదురుగా బల్లల వరుసలు పెట్టే పాశ్చాత్య సభాగృహ పద్ధతికి మజ్లిస్ నేరుగా భిన్నం. కాబట్టి సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకునేలా నలభై ఆసనాలను అమర్చితే, గుమ్మటం చేయలేని పని కూడా జరుగుతుంది.

ఐక్యతను ఇలా ఆసనాల అమరికలో చూపవచ్చు గాని, దేశంలోని భిన్నత్వాన్ని భవనంలో చూపడం అంత సులువు కాదు. ఈ దేశ జనాభాలో అత్యధికులు, లక్షలాది భారతీయులతో సహా, వలస వచ్చినవారు. వారికి ఆ సభలో స్థానం లేదు, ఓటు లేదు. అంటే భవనం చెప్పుకోగల భిన్నత్వం ఏడు ఎమిరేట్లదే: తీరపు ముత్యాల వర్తకులది, ఎడారి సంచారులది, ఫుజైరా కొండవాసులది. బయటి జనాల భిన్నత్వాన్ని కూడా శిల్పంలో ప్రకటిస్తే, అది అలంకారమే గాని ప్రాతినిధ్యం కాదు. ఢిల్లీలో 2023లో తెరిచిన భారత పార్లమెంటు కొత్త భవనం లోక్‌సభకు నెమలిని, రాజ్యసభకు తామరను ప్రతీకలుగా ఎంచుకోగా, అక్కడ ప్రతీకల వెనుక ఓటరు ఉన్నాడు. ఇక్కడ ఆ ఆధారం పరిమితమైనది, కనుక ప్రతీకకూ మితం అవసరం.

అయినా వలసజనం ఆ ఏడు అంకెను తమదిగా చేసుకున్న తీరు గమనించదగినది. అబుధాబి ఎమిరేట్‌లోని అబూ మురైఖాలో 2024 ఫిబ్రవరి 14న ప్రారంభమైన బాప్స్ హిందూ మందిరానికి ఏడు శిఖరాలు, ఎమిరేట్‌కు ఒకటి చొప్పున. దేశం సొంత కట్టడంలోనూ అదే అంకె: దుబాయ్‌లో ఐక్యతా ఒప్పందం జరిగిన చోటనే వెలసిన ఎతిహాద్ మ్యూజియానికి, సంతకాలు చేసిన కలాల గుర్తుగా ఏడు స్తంభాలు. ఒకే అంకె గుడిలోనూ, మ్యూజియంలోనూ ఇంత తేలికగా ఒదిగిపోయినప్పుడు, పార్లమెంటు భవనం దానిని మరోసారి చెప్పి ఊరుకుంటే సరిపోదు.

సమాఖ్య ఏర్పాటు చర్చలతో ముడిపడిన జాతీయ సలహామండలి భవనం, 2018 డిసెంబరులో ప్రజలకు తెరిచిన అబుధాబి పాత కోట ఖసర్ అల్ హొస్న్ ప్రాంగణంలోనే ఉంది. యూఏఈలో పనిచేస్తున్న తెలుగు వాస్తుశిల్పులు, సివిల్ ఇంజనీర్లు, వంద మీటర్ల గుమ్మటాల లెక్కలు వేయబోయే ముందు, ఆ పాత సభాభవనం కొలతను ఒక్కసారి చూసి రావాలి.