చదువు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినవాడు



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీకు, పట్టా చేతికి రాకముందే పేరు తెచ్చుకున్న ఒక విద్యార్థి గురించి చెబుతాను. ఎవరెట్ లీ డిగోలియర్ 1886లో అమెరికాలోని కాన్సస్‌లో, పచ్చికగడ్డలు పేర్చి కట్టిన ఇంట్లో పుట్టారు. ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో చదువు మధ్యలో ఆపి మెక్సికో చమురు క్షేత్రాలకు వెళ్లారు. 1910లో ఆయన చూపిన చోట తవ్విన పోట్రెరో డెల్ లానో 4వ నంబరు బావి రోజుకు లక్ష పీపాల చమురు చిమ్మింది. అప్పటికి ఆయనకు 24 ఏళ్లు. అయినా తరగతి గదికి తిరిగొచ్చి 1911లో పట్టా పుచ్చుకున్నారు.

నేల మీద ఏ ఆనవాలూ లేనిచోట చమురును వెతకడం ఎలా? చమురు తరచూ భూమి లోపలి ఉప్పు గుమ్మటాల పక్కన చేరుతుంది. ఉప్పు చుట్టుపక్కల రాతికన్నా తేలిక కాబట్టి, అది గుమ్మటంలా ఉబికిన చోట గురుత్వాకర్షణ రవ్వంత మారుతుంది. ఆ తేడాను పసిగట్టే టోర్షన్ బ్యాలెన్స్‌తో 1924లో ఆయన బృందం టెక్సాస్‌లో నాష్ గుమ్మటాన్ని కనిపెట్టింది. మరుసటి ఏడు ఆయన పెట్టించిన సంస్థలో క్లారెన్స్ కార్చర్, డైనమైట్ పేల్చి రాతి పొరల నుంచి తిరిగొచ్చే తరంగాల కాలంతో లోతు లెక్కగట్టే పద్ధతిని చమురు అన్వేషణలో వాడుకలోకి తెచ్చారు. మన కృష్ణా గోదావరి బేసిన్‌లో జరిగే సీస్మిక్ సర్వేలూ ఆ బాటలోనివే.

ఇంతటి పరికరాల మనిషి అరుదైన పాత పుస్తకాలను ప్రాణంగా సేకరించారు. విజ్ఞానశాస్త్ర చరిత్రకు చెందిన గ్రంథాలను 1949లో తాను చదివిన విశ్వవిద్యాలయానికే ఇవ్వజూపారు. కోరినది ఒక్కటే: ఆ చరిత్రను విద్యార్థులకు బోధించాలి. భూగర్భాన్ని చదవడమంటే కంటికి కనబడనిదాని గురించి తీర్పు చెప్పడం. అలాంటి తీర్పులు ఎలా పుట్టాయో, వాటిని ఎలా సరిదిద్దుకున్నారో ఆ పుస్తకాలు చెబుతాయి. అందుకే ఆయన వాటిని అంతగా ప్రేమించారని నా నమ్మకం.

రేపు మీ తెర మీద కంప్యూటర్ ఒక భూగర్భ పటం గీసి చూపిస్తుంది. అది ఏ కొలతల మీద, ఏ ఊహల మీద నిలబడిందో అడిగాకే సంతకం చేయండి. మీ సంపాదనలో కొంత మీ ఊరి శాఖా గ్రంథాలయానికి పుస్తకాలుగా ఇవ్వండి. పుస్తకాలతోనే సరిపెట్టకండి, వాటిని పిల్లలచేత చదివించే మనిషినీ ఏర్పాటు చేయండి. మీరు నేర్చిన విద్యకు అదే తగిన కృతజ్ఞత.