వాగుకు జిల్లా సరిహద్దు తెలియదు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ రీయింబర్స్‌మెంట్ గురించి నాకంటె ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. నన్ను వరద పటాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. "చిల్పూరు గుట్ట పక్కనున్న ఊరు. కరువుకు పేరుపడ్డ ప్రాంతం. మనకు వరదల ముచ్చటెందుకు?" అని ఒకరిద్దరు మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పడమే ఈనాటి నా పని. నేను ఇంజనీరును కాను. ముప్పై ఏండ్లకు పైగా ఫైళ్లు, రిజిస్టర్లు, నక్షాలు చూసుకున్న గుమాస్తాను. ఆ అనుభవంతోనే మాట్లాడుతున్నాను.

మన పాత వరంగల్ జిల్లా రెండు మహానదులకు మధ్యనున్న నేల. ఒకవైపు కురిసిన వాన ఆకేరులో పడి, ఖమ్మం జిల్లా తీర్థాల దగ్గర మున్నేరులో కలిసి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశించి కృష్ణకు చేరుతుంది. ఇంకోవైపు కురిసిన వాన మోరంచవాగు, జంపన్నవాగు వంటి వాగుల వెంట గోదావరికి పోతుంది. ఎత్తు మీది ఊరికి వరద రాకపోవచ్చు. కాని ఎత్తు మీది చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కిందివాడి ఇంటికే పోతాయి.

ఇటీవలి రెండు సంగతులు మీకు తెలిసినవే. 2023 జూలై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటలలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదయింది. రాష్ట్రంలో అది రికార్డు. అంతకుముందు 2013 జూలైలో వాజేడులో పడిన 517.5 మిల్లీమీటర్లే పెద్ద లెక్క. ఆ తెల్లవారుజామున భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచింది. జనం ఇండ్ల కప్పులెక్కి ప్రాణాలు అరచేత పట్టుకుంటే హెలికాప్టర్లు వచ్చాయి. నలుగురు కొట్టుకుపోయారు. అదే వానకు జంపన్నవాగు కొండాయి గ్రామంలో ప్రాణాలు తీసింది. మరుసటి ఏడు, 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు పొంగింది. ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి కాజీపేట, విజయవాడ లైను ఆగిపోయింది. ఖమ్మంలో మున్నేరు 30 అడుగులు దాటింది.

భద్రాచలంలో గోదావరి సంగతి వేరు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. అక్కడ 43, 48, 53 అడుగుల దగ్గర మొదటి, రెండవ, మూడవ హెచ్చరికలున్నాయి. పై నుంచి నీరు దిగి రావడానికి సమయం పడుతుంది కనుక కేంద్ర జలసంఘం ముందే చెప్పగలుగుతుంది. మోరంచవాగుకు అంత వ్యవధి లేదు. రాత్రి వాన పడితే తెల్లారేసరికి ఊళ్లో నీళ్లు. అలాంటి చోట ప్రాణం కాపాడేది ముందే తయారుగా ఉన్న పటం. ఏ వీధి ముందు మునుగుతుంది, ఏ దారి తెగుతుంది, పిల్లలను, ముసలివాళ్లను ఏ గడ్డకు చేర్చాలి అన్నది వాన రాకముందే కాగితం మీద ఉండాలి.

ఎవరి దగ్గర ఏముంది?

పటం చేయడానికి కావలసిన సమాచారం లేక కాదు, అది పది కార్యాలయాలలో పది ముక్కలుగా ఉండడమే మన బాధ. సర్వే ఆఫ్ ఇండియావారి దగ్గర టోపోషీట్లున్నాయి. మన వరంగల్ ప్రాంతం 56 ఓ అనే షీటులోకి వస్తుంది. కాని 50 వేల స్కేలు షీటులో ఎత్తు గీతలు సాధారణంగా 20 మీటర్లకొకటి ఉంటాయి. ఊరు మునగడానికి రెండు మీటర్ల నీరు చాలు. ఆ రెండు మీటర్లు ఆ గీతల మధ్య కనబడవు.

హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంవారు ఉపగ్రహ చిత్రాల ఆధారంగా 1998 నుంచి 2022 వరకు దేశంలో వరదలు పారిన ప్రాంతాల అట్లాసును 2023లో వెలువరించారు. మంచి పని. రాడార్ ఉపగ్రహం మబ్బుల చాటు నుంచి కూడా నేలను చూడగలదు. అయితే అది మన మీదుగా వెళ్లే సమయానికి చిన్న వాగు పొంగి, తీసి కూడా పోవచ్చు. పెద్ద నది రోజుల తరబడి నిలుస్తుంది కనుక దొరుకుతుంది, వాగు దొరకదు.

ఇక వాన లెక్క వాతావరణ శాఖ, రాష్ట్ర ప్రణాళికా సంస్థల దగ్గర, చెరువుల కొలతలు నీటిపారుదల శాఖ దగ్గర, శిఖం భూముల హద్దులు రెవెన్యూవారి నక్షాలలో ఉన్నాయి. గరిష్ఠ వరద మట్టం రైల్వేవారు వంతెన కానాల మీద రంగుతో గీసి ఉంచుతారు. ఎవరి ఇల్లు ఎక్కడుందో పంచాయతీకి తెలుసు. వీటన్నిటినీ ఒక్క బల్ల మీద పరిస్తే పటం సగం తయారైనట్లే.

దీనికి అడ్డు సరిహద్దులు. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా అయిదు జిల్లాలయింది. మన చిల్పూరు కొత్త మండలమై జనగామలో చేరింది. 2019లో ములుగు వేరయింది. పరిపాలన ప్రజలకు దగ్గరయింది, సంతోషమే. కాని వాగు ఒక కలెక్టరేట్‌లో మొదలై రెండో కలెక్టరేట్‌లో పొంగి మూడో కలెక్టరేట్‌లో ఊరిని ముంచుతున్నది. మున్నేరుకయితే రెండు రాష్ట్రాలు. కనుక పటం జిల్లా వారీగా కాక, పరివాహకం వారీగా, అందరూ కలిసి గీయాలి.

పాత పాఠం, పొరుగు పాఠం

ఇది కొత్త జ్ఞానమేమీ కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచినప్పుడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన నగరంలో నది ఒడ్డును మాత్రమే చూసి ఊరుకోలేదు, ఎగువనున్న చెరువులన్నీ లెక్క తీయించారు. 788 చెరువులలో 221 తెగినట్లు తేలింది. ఒకటి తెగితే దాని కిందిది, దాని కింద మరొకటి. ఆ లెక్క మీదనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. గొలుసు చెరువుల నేల మనది. తెలంగాణలో చెరువులు 46 వేలకు పైగా ఉన్నాయి. 2021 నాటి డ్యాముల భద్రతా చట్టం పెద్ద ఆనకట్టలకు అత్యవసర ప్రణాళిక ఉండాలన్నది. పది మీటర్లకు లోపు ఎత్తున్న ఊరి చెరువు కట్ట ఆ లెక్కలోకి రాదు. కాని మన దగ్గర తెగేవి ఎక్కువగా అవే.

ఐరోపా దేశాలు 2007లో ఒక ఒప్పుదలకు వచ్చి, నదీ పరివాహకం వారీగా వరద పటాలు చేసి, ఆరేండ్లకొకసారి సరిచూడాలని నియమం పెట్టుకున్నాయి. అమెరికాలో 1999 నుంచి కేంద్ర సంస్థ, రాష్ట్రాలు, స్థానిక సంస్థలు ఒప్పందాలు రాసుకొని పటాల పనిని పంచుకుంటున్నాయి. మన కేంద్రం 1975లోనే వరద మైదానాలలో కట్టడాల నియంత్రణకు నమూనా బిల్లు పంపింది. చట్టం చేసిన రాష్ట్రాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

అట్లని మన చేతిలో ఏమీ లేదనుకోవద్దు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాకు ఒక ప్రణాళిక ఉండాలి. ప్రమాదమున్న ప్రాంతాలు అందులో చూపాలి. దాన్ని ఏటా సమీక్షించి సవరించాలి. మనం బతికున్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తేనే పెన్షన్ వస్తుంది. ఒక్క ఏడు మరచినా ఆపేస్తారు. మరి వరద పటం బతికున్నదని ఎవరు సర్టిఫికెట్ అడుగుతున్నారు? మనం అడుగుదాం.

సభ్యులకు మనవి

మొదటిది, మీమీ ఊళ్లలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో పెద్దలను అడిగి, గుడి మెట్టు, బడి గోడ, కరెంటు స్తంభం వంటి కదలని గుర్తులతో తేదీ సహా రాయండి. నీరటికాండ్ల కుటుంబాలను తప్పక అడగండి. ఏ మత్తడి ఎప్పుడు దుంకిందో వారికి తెలిసినంత ఏ రిజిస్టరుకూ తెలియదు.

రెండవది, రెవెన్యూ, నీటిపారుదల, పంచాయతీరాజ్, సర్వే శాఖలలో పనిచేసినవారు మనలోనే ఉన్నారు. పాత నక్షా చదవడం, శిఖం హద్దు పోల్చుకోవడం ఈనాటి పిల్లలకు కష్టం. వారంలో ఒక పూట వారి పక్కన కూర్చుందాం. కంప్యూటరు వారు చూసుకుంటారు, నక్షా మనం చదివి పెడదాం.

మూడవది, మన సంఘం తరఫున జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కలెక్టర్లకు ఒకే రకమైన వినతిపత్రం ఇద్దాం. ఆకేరుకొకటి, మోరంచకొకటి ఉమ్మడి పటం చేయమని, దాన్ని తెలుగులో అచ్చు వేయించి గ్రామ పంచాయతీ గోడకు అతికించమని కోరుదాం. బీరువాలో ఉన్న పటం ఎవరినీ గట్టెక్కించదు.

అర్ధరాత్రి వాగు వస్తే పరుగెత్తలేనివాళ్లం మన వయసువాళ్లమే. కనుక ఇది పరోపకారం మాత్రమే కాదు, మన సొంత పని కూడా. వచ్చే వానాకాలం లోపల కనీసం పది ఊళ్ల గుర్తులు సేకరించి ఇవ్వగలిగితే ఈ సమావేశం సార్థకమైనట్లే.