పెరటి కూర అమ్మ కంచంలోకి రావాలి

(గ్రామ మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



శివరాత్రి వెళ్లింది. చలి పోయింది. వేపచెట్టు పూతకొచ్చింది. మామిడి పిందెలు కనిపిస్తున్నాయి. ఉగాది దగ్గర పడింది.

ఈ రోజుల్లో ఆడవాళ్లకు తీరిక ఉండదు. గుంటూరు, ఖమ్మం వైపు మిరప కోతలు. తెల్లారకముందే కూలికి బయల్దేరాలి. పిల్లలకు ఒంటిపూట బడులు. మధ్యాహ్నానికే ఇంటికొస్తారు. పదో తరగతి పిల్లలకు పరీక్షలు. ఎండ ముదిరే కొద్దీ బజారులో ఆకుకూర ధర పెరుగుతుంది, కట్ట చిన్నదవుతుంది.

అందుకే ఇవాళ్టి మాట పెరటి గురించి. పెరట్లో ఏం వేయాలన్నది ఒక మాట. పెరట్లో పండింది ఎవరి కంచంలోకి పోతోందన్నది రెండో మాట. రెండూ వినండి.

ఎంత జాగా కావాలి?

ఎకరాలు అక్కర్లేదు. రెండు మంచాలు వేసేంత చోటు ఉంటే చాలు. అదీ లేకపోతే గోడ వార ఉంటుంది. పాత బక్కెట్టు, పగిలిన కుండ, ఖాళీ బియ్యం సంచి కూడా పనికొస్తాయి. అడుగున రెండు మూడు చిల్లులు పెట్టాలి. లేకపోతే నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. పూటంతా ఎండ తగిలే చోటు చూసుకోవాలి.

మట్టిలో మాగిన పశువుల ఎరువు కలపాలి. పచ్చి పేడ వేయకూడదు. వేస్తే చెదలు పడతాయి, మొలకలు మాడతాయి.

డబ్బు లెక్క కూడా చూడండి. వారానికి నాలుగు ఆకుకూర కట్టలు కొంటున్నారనుకోండి. కట్ట 10 రూపాయలు. 4 × 10 = 40. నాలుగు నెలలకు 16 వారాలు అనుకోండి. 16 × 40 = 640 రూపాయలు. పలక మీద నేర్చిన లెక్క ఇక్కడ పనికొస్తుంది.

ఇప్పుడు ఏం వేయాలి?

తోటకూర వేయండి. గింజ ఆవగింజ కన్నా చిన్నది. ఇసుకలో కలిపి చల్లితే సమంగా పడుతుంది. 25 నుంచి 30 రోజుల్లో కూరకొస్తుంది. వేళ్లతో పీకకండి. నాలుగు వేళ్ల ఎత్తు వదిలి కోయండి. మళ్లీ చిగురిస్తుంది. పదిహేను రోజులకో మడి చల్లుకుంటే కూర తెగిపోకుండా వస్తుంది.

గోంగూర ఎండకు ఓర్చుకుంటుంది. గోరుచిక్కుడూ అంతే. బచ్చలి తీగ ముక్క గుచ్చినా బతుకుతుంది.

బెండ గింజలు రాత్రి నానబెట్టి పొద్దున నాటండి. గింజకూ గింజకూ మధ్య జానెడుకు పైగా ఎడం ఉండాలి. నెలన్నర దాటాక కాపు మొదలవుతుంది. రోజు విడిచి రోజు కోయాలి. ముదిరితే కూరకు పనికిరాదు.

సొర, బీర, దోస, కాకర పాదు పెట్టండి. పాదుకు నాలుగు గింజలు వేసి, మొలిచాక బలమైనవి రెండు ఉంచండి. పందిరి వేయడానికి కర్రలు లేకపోతే దడి మీదికి, కప్పు మీదికి పాకించండి. తీగకు ముందు మగ పూలు వస్తాయి. అవి రాలిపోతాయి. పాదుకు దిష్టి తగిలిందని భయపడకండి. ఆడ పువ్వు వెనకాల చిన్న పిందె ఉంటుంది. అది తర్వాత వస్తుంది.

టమాటాకు ముదురు ఎండ పడదు. పూత రాలిపోతుంది. దాన్ని తొలకరి తర్వాత వేసుకోవచ్చు.

నీళ్లు ఎక్కడివి?

ఎండాకాలం తాగే నీళ్లకే కరువు, మొక్కలకు ఎక్కడ తేవాలి అని అడుగుతారు. నిజమే. అయితే ఇంట్లో వాడి పారబోసే నీళ్లు ఉన్నాయి. ఇంట్లో నలుగురు ఉంటే, మనిషికో బక్కెట్టు పోసుకుంటారు. బక్కెట్టుకు 15 లీటర్లు అనుకుంటే 4 × 15 = 60 లీటర్లు. ఆ నీళ్లు వీధిలోకి పోయి బురదవుతున్నాయి. ఆ బురదలో దోమలు పెరుగుతున్నాయి. అదే నీటికి చిన్న కాలవ తీసి సొరపాదుకు, అరటి పిలకకు మళ్లించండి.

బట్టల సబ్బు పొడి ఎక్కువ కలిసిన నీళ్లు మాత్రం వద్దు. ఆకుకూర మడికి కూరగాయలు కడిగిన నీళ్లు పోయండి. పొద్దున్నే గానీ, ఎండ వాలాక గానీ పోయాలి. మొదట్లో ఎండుటాకులు, గడ్డి కప్పితే తడి తొందరగా ఆరదు.

పురుగు పడితే?

సొర, దోస లేతగా ఉన్నప్పుడు ఎర్ర పెంకు పురుగు ఆకులు తినేస్తుంది. తెల్లవారుజామున ఆకు మీద మంచు తడి ఉన్నప్పుడు పొయ్యిలో బూడిద చల్లండి. పేనుబంక పడితే వేపగింజల కషాయం కొట్టండి. 50 గ్రాముల వేపగింజల పప్పు దంచి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున వడగట్టి, చిటికెడు సబ్బు పొడి కలిపి చల్లాలి. బెండ ఆకు ఈనెలు పసుపు పచ్చగా మారితే అది పల్లాకు తెగులు. తెల్లదోమ దాన్ని మొక్క నుంచి మొక్కకు అంటిస్తుంది. ఆ మొక్క పీకేయండి.

పొలానికి తెచ్చిన పురుగుమందు పెరట్లో కొట్టకండి. ఆ కూర రేపే పిల్లల నోట్లోకి పోతుంది. మందు డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు ఉంటే అన్నిటికన్నా ఎక్కువ విషం. తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. ఆకుపచ్చ కూడా విషమే. చదువు వచ్చిన వాళ్లు డబ్బా మీద మాటలు చదవాలి. పక్కింటి వాళ్లకూ చదివి చెప్పాలి.

ఇక రెండో మాట

ఒక ఇల్లు ఉందనుకోండి. ఆ ఇంటి పెరడు ఊరందరికీ తెలుసు. సొరపాదు కప్పెక్కింది. బెండ, గోంగూర, తోటకూర మళ్లు ఉన్నాయి. దడి పక్కన మునగ చెట్టు ఉంది. అదంతా కోడలి కష్టం. నాలుగింటికి లేస్తుంది. నీళ్లు మోస్తుంది. వంట చేసి మిరప కోతకు పోతుంది. సాయంత్రం వచ్చి మళ్లీ పాదుల దగ్గరే.

ఒకనాడు కోతలో కళ్లు తిరిగి గట్టు మీద కూలబడింది. ఎండదెబ్బ అనుకున్నారు. ఆశా కార్యకర్త ఆరోగ్య ఉపకేంద్రానికి తీసుకుపోయింది. అత్తా, కూతురూ వెంట వెళ్లారు. నర్సమ్మ వేలి మీద గుచ్చి రక్తం చూసింది. హిమోగ్లోబిన్ 8 గ్రాములే ఉంది. ఆడమనిషికి 12 గ్రాములన్నా ఉండాలి. గర్భిణికైతే 11 తగ్గకూడదు.

అత్త నమ్మలేదు. "పెరటి నిండా కూరలే కదమ్మా. మా కోడలికి రక్తం లేకపోవడం ఏంటి?" అంది.

"నిన్న రాత్రి ఈ అమ్మాయి ఏం తిన్నది?" అని నర్సమ్మ అడిగింది.

అత్త నోరు తెరిచింది, మాట రాలేదు. కోడలు తినేటప్పుడు ఆమె ఎప్పుడూ చూడలేదు. కూతురు చెప్పింది. "అమ్మ అందరి తర్వాత తింటది. నిన్న తోటకూర పప్పు అయిపోయింది. పచ్చడి మెతుకులు తిని మజ్జిగ పోసుకుంది. మొన్నా అంతే."

"నాకేం ఫరవాలేదులే" అంది కోడలు.

"ఫరవా ఉంది కాబట్టే ఇక్కడికొచ్చావు" అంది నర్సమ్మ. ఐరన్ మాత్రలు ఇచ్చింది. ఎలా వేసుకోవాలో చెప్పింది.

దారిలో అత్త చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది. "నేనూ అంతే తిన్నానే అమ్మాయ్. గిన్నె అడుగు గీరుకోవడమే. మా అత్త అదే నేర్పింది. అదే పద్ధతి అనుకున్నా."

ఆ రాత్రి అత్త ఎవరికీ వడ్డించకముందే ఒక గిన్నెలో పప్పు తీసి మూత పెట్టింది. "ఇది వండిన మనిషి వాటా" అంది. కొడుకు అన్నం తింటూ "ఏంటమ్మా, కూర తగ్గింది?" అన్నాడు. "అయితే రేపు ఇంకో మడి తవ్వు" అంది అత్త. మనవడు ఇంకాస్త పప్పు అడిగాడు. కోడలు తన గిన్నె వైపు చెయ్యి చాపింది. "వాడికి రెండుసార్లు పెట్టాను. నువ్వు తిను" అని అత్త గిన్నె అడ్డం జరిపింది.

కొడుకు రెండు రోజులు గొణిగాడు. మూడో రోజు పలుగు తీసుకుని దడి వార మడి తవ్వాడు.

మూడు నెలల తర్వాత కోడలికి మళ్లీ రక్తం చూశారు. 10 గ్రాములు దాటింది. ఇంకా 12 కాలేదు. మాత్రలు మానొద్దని నర్సమ్మ చెప్పింది.

ఇది ఒక్క ఇంటి బాధ కాదు. 2019-21లో దేశమంతటా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. అదే వయసు మగవాళ్లలో నూటికి 25 మందికి ఉంది. నెలనెలా రక్తం పోయేది, కాన్పుల్లో రక్తం పోయేది ఆడవాళ్లకే. ఇనుము ఎక్కువ కావలసినదీ వాళ్లకే. చివర్లో తినేదీ వాళ్లే.

కూర ఒంటికి పట్టాలంటే

ఆకుకూరలో ఇనుము ఉంది. కానీ అది ఒంటికి తేలిగ్గా పట్టదు. పులుపు తోడైతే కొంత బాగా పడుతుంది. అన్నంలో నిమ్మకాయ పిండుకోండి. ఈ కాలంలో పచ్చి మామిడి ఉంది. తోటకూర, మామిడికాయ కలిపి పప్పు వండండి. తిన్న వెంటనే టీ తాగితే ఇనుము సరిగా పట్టదు. గంటన్నా ఆగండి. ఆకును కోశాక కాదు, కోయకముందే కడగండి. కాస్త నూనెతో తాళింపు పెడితే కళ్లకు కావలసిన ఎ విటమిన్ బాగా పడుతుంది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. మునగాకు సంగతిలో ఈ సామెత తప్పు. కాయ కోసుకుని ఆకు మేకలకు వేస్తారు. లేత ఆకు పప్పులో వేయండి. ఎండబెట్టి కారప్పొడి చేయండి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఆకుకూర ఐరన్ మాత్రకు బదులు కాదు. గర్భిణులు నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు మాత్రలు వేసుకోవాలి. కూరా కావాలి, మాత్రా కావాలి.

విత్తనం దాచండి

మంచి సొరకాయ ఒకటి, మంచి బెండకాయలు నాలుగు మొక్క మీదే ముదరనివ్వండి. ఎండిన గింజను బూడిదలో కలిపి, వేపాకు వేసి దాచండి. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు ఇలా ఇంట్లోనే పాత విత్తనాలు కాపాడుతూ వచ్చారు. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. విత్తనం చేతిలో ఉన్న ఆడమనిషి వచ్చే ఏడు ఎవర్నీ అడగక్కర్లేదు.

గింజ వేసిన రోజు గోడ మీది క్యాలెండరులో రాయండి. తేదీ కింద "తోటకూర" అని మీ చేత్తో రాయండి. కోసిన రోజూ రాయండి. ఆ కూర వండిన రాత్రి గిన్నె దించగానే ముందుగా మీ వాటా తీసి పక్కన పెట్టండి. అత్తలు కోడళ్ల వాటా తీయండి. కోడళ్లు అత్తల వాటా తీయండి. వీలైతే అందరూ ఒక్కసారే కూర్చుని తినండి.

నీళ్లు పోసిన చేతికి కూర అందాలి.

మాట్లాడుకోండి:
1. మీ ఇంట్లో చివర్లో తినేది ఎవరు? నిన్న రాత్రి ఆమె కంచంలో ఏం ఉంది?
2. మీ ఇంట్లో రోజుకు ఎన్ని బక్కెట్ల నీళ్లు వృథా పోతున్నాయి? లెక్క వేసి రాయండి.
3. మీ పెరట్లో ఉన్న మొక్కల పేర్లు రాయండి.