మేడలు కట్టిన చేతులు మనవే



అమెరికా రెండు తీరాలను కలిపిన రైలుమార్గం 1869లో పూర్తయింది. పడమటి వైపు కొండలు తొలిచింది ఎక్కువగా చైనా కూలీలే. పని తీరాక, 1882లో చైనా కూలీలు రాకుండా చట్టం చేశారు.

మన మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ తెరిచారు. ఆ తర్వాత గచ్చిబౌలి దాకా మేడలు లేచాయి. వాటికి ఇసుక, ఇటుక మోసినవాళ్లలో బోర్లెండి ఊరొదిలిన పాలమూరు రైతులున్నారు, ఒడిశా, బీహార్ కూలీలున్నారు. వాళ్లను పరాయివాళ్లనొద్దు. ఊరి పేరున కూలీలను విడదీస్తే లాభం కాంట్రాక్టరుకే.

1996 చట్టంతో నిర్మాణ ఖర్చు మీద సెస్సు వచ్చింది. అది కూలీల సంక్షేమానికే. ఏడాదిలో 90 రోజులు పనిచేసినవాళ్లను బోర్డులో నమోదు చేయిద్దాం. ప్రతి గ్రామశాఖా వలసపోయినవాళ్ల జాబితా రాయాలి. సేద్యం గిట్టుబాటయ్యేదాకా కూలీ హక్కు కూడా రైతు సంఘం పనే.