సమాన చిహ్నం మీద అరవై ఏళ్ల తగవు

(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. కంప్యూటరును నడిపించడానికి రాసే భాషల్లో ఒక్క గుర్తు గురించి మాత్రం చెబుతాను. అది మనమంతా చిన్న తరగతుల్లో నేర్చుకున్న సమాన చిహ్నం. ఇంత చిన్న విషయానికి చదువుకున్నవాళ్లు తగవులాడతారా అని మీకు తోచవచ్చు. ఆడారు. ఆ తగవు న్యాయమైనదే అని నా మనవి.

ఈ గుర్తును 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వేల్స్ దేశపు గణితవేత్త తన పుస్తకంలో ప్రవేశపెట్టారు. పక్కపక్కన గీసిన రెండు సమాంతర రేఖల కంటె సమానమైనవి మరేవీ లేవని ఆయన వాదన. సరిగ్గా 400 ఏళ్ల తర్వాత, 1957లో, ఐ.బి.ఎం. కంపెనీలో జాన్ బాకస్ బృందం ఫోర్ట్రాన్ అనే భాషను విడుదల చేసింది. అందులో 'ఎన్ = ఎన్ + 1' అన్న తీరులో రాయవచ్చు. లెక్కల మాస్టారు చూస్తే ఎర్రసిరాతో కొట్టేస్తారు. ఏ అంకె అయినా తనకంటె ఒకటి ఎక్కువ ఎలా అవుతుంది?

కాని కంప్యూటరుకు అది సమీకరణం కాదు, ఆజ్ఞ. ఎన్ అనే గడిలో ఉన్న అంకెకు ఒకటి కలిపి, వచ్చినదాన్ని మళ్లీ ఆ గడిలోనే వేయమని అర్థం. మన ఆఫీసు భాషలో అది పద్దు వేయడం. రెండు పద్దులు సరిపోయాయా అని చూడడం వేరే పని. 'వచ్చాడు' అంటే సమాచారం, 'వచ్చాడా' అంటే ప్రశ్న. తెలుగులో ఒక్క దీర్ఘం ఆ తేడా చూపిస్తుంది. కంప్యూటరు భాషలో పద్దు వేయడానికీ, సరిచూడడానికీ మధ్య తేడాను ఏ గుర్తు చూపించాలన్నదే అసలు తగవు.

1958లో యూరప్, అమెరికా శాస్త్రజ్ఞులు జ్యూరిక్ నగరంలో సమావేశమై ఆల్గాల్ అనే భాషకు రూపం ఇచ్చారు. వారి నిర్ణయం ప్రకారం పద్దు వేయడానికి కోలన్‌తో కలిపిన సమాన చిహ్నం (:=). సరిచూడడానికి ఉత్త సమాన చిహ్నం (=). రాసేటప్పుడు ఒక గుర్తు అదనంగా కొట్టాలి గాని చదివేవాడికి సందేహం ఉండదు. 1970లో నిక్లాస్ విర్త్ రూపొందించిన పాస్కల్ భాష కూడా ఈ పద్ధతినే పాటించింది.

1969 ప్రాంతంలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ తామ్సన్ 'బి' అనే భాష తయారు చేస్తూ దీన్ని తిరగేశారు. ప్రోగ్రాముల్లో సరిచూడడం కంటె పద్దు వేయడం రెండింతలు తరచుగా వస్తుంది, కాబట్టి దాని గుర్తు సగం పొడవు ఉంటే చాలు అన్నది అందుకు చెప్పిన సమర్థన. పద్దుకు ఒక సమాన చిహ్నం (=), సరిచూడడానికి రెండు (==) అయ్యాయి. టెలిటైపు మీద పని చేసే రోజుల్లో ఒక్క అక్షరం మిగిలినా లాభమే. 'బి' నుంచి డెన్నిస్ రిచీ 1970ల మొదట్లో 'సి' భాషను రూపొందించారు. దాని నుంచి సి ప్లస్ ప్లస్, జావా మొదలైనవి అదే గుర్తును వారసత్వంగా తీసుకున్నాయి.

రాసేవాడికి మిగిలిన ఆ ఒక్క అక్షరం ఖర్చు చదివేవాడి మీద పడింది. 'సి' భాషలో షరతు మధ్యలో కూడా పద్దు వేయవచ్చు. రెండు గుర్తులు కొట్టవలసిన చోట ఒకటే కొడితే, సరిచూడవలసిన కంప్యూటరు అక్కడి అంకెనే మార్చేస్తుంది. అది వ్యాకరణరీత్యా తప్పు కాదు కనుక భాష ఆపదు.

2003 నవంబరులో లినక్స్ విషయంలో జరిగినది వినండి. ప్రపంచమంతటా సర్వర్లను నడిపే ఆ వ్యవస్థ మూలపాఠానికి ఉన్న ఒక నకలు ప్రతిలో ఎవరో రహస్యంగా రెండు పంక్తులు చేర్చారు. 'ఈ వినియోగదారుడి సంఖ్య సున్నాయా?' అని అడిగినట్టు కనబడే షరతు అది. ఆ వ్యవస్థలో సున్నా అంటే సర్వాధికారి. అక్కడ రెండు సమాన చిహ్నాలకు బదులు ఒకటే ఉంది. అంటే అడగడం లేదు, సర్వాధికారం ఇచ్చేస్తోంది. అసలు ప్రతిలో లేని మార్పు నకలులో కనబడడంతో బయటపడింది గాని లేకపోతే కంటికి ఆనడం కష్టం. మూలంతో నకలును సరిచూసే అలవాటు విలువ ఏమిటో మన సభ్యులకు నేను చెప్పనక్కరలేదు.

ఈ ప్రమాదం తెలిసే పైథాన్ భాషలో వేరే దారి పట్టారు. నెదర్లాండ్స్‌కు చెందిన గీడో వాన్ రోసమ్ 1989 చివర మొదలుపెట్టి 1991లో విడుదల చేసిన భాష అది. షరతులో ఒక్క సమాన చిహ్నం పెడితే పైథాన్ తప్పు అని అక్కడే ఆపేస్తుంది. అయితే ఒకే లెక్కను ముందు ఒక పంక్తిలో పద్దు వేసి, తర్వాతి పంక్తిలో సరిచూడవలసి రావడం కొందరికి విసుగనిపించింది. ఆ రెండు పనులూ ఒకేచోట చేయడానికి ఆల్గాల్ నాటి కోలన్ గుర్తునే తెద్దామని 2018లో ఒక ప్రతిపాదన వచ్చింది. పక్కకు తిప్పి చూస్తే సముద్రజంతువు వాల్రస్ కళ్లు, కోరల్లా ఉంటుందని దానికి ఆ పేరు స్థిరపడింది.

పంక్తులు తగ్గుతాయని ఒక పక్షం. చదవడానికి తేలికగా ఉండడమే ఈ భాష పేరు, ఒకే పనికి రెండు పద్ధతులెందుకని రెండో పక్షం. నెలల తరబడి వాదన తీవ్రంగా సాగింది. 'జీవితకాల దయామయ నియంత' అని చమత్కారంగా పిలిచే గీడోగారు ప్రతిపాదనను ఆమోదించి, 2018 జూలై 12న ఆ పదవి నుంచి తప్పుకున్నారు. ఒక నిర్ణయం కోసం ఇంతగా పోరాడడం, ఇంతమందికి అది రుచించకపోవడం ఇక తన వల్ల కాదన్నారు. వారసుణ్ణి కూడా నియమించలేదు. మీరే తేల్చుకోండి అన్నారు.

తేల్చుకున్నారు. ఆ ఏడాది డిసెంబరులో పాలనా విధానాన్ని ఓటింగు ద్వారా ఎంచుకున్నారు. 2019 మొదట్లో అయిదుగురి సంఘాన్ని ఎన్నుకున్నారు. ఒకే యజమాని దగ్గర పనిచేసేవారు అందులో ఇద్దరికి మించి ఉండరాదని నియమం. ఆ అయిదుగురిలో గీడోగారూ ఒకరుగా ఎన్నికయ్యారు. వాల్రస్ గుర్తు 2019 అక్టోబరులో విడుదలైన పైథాన్ 3.8లో వచ్చింది. షరతులో ఉత్త సమాన చిహ్నం పెడితే పైథాన్ ఇప్పటికీ ఆపుతుంది.

మిత్రులారా, ఫైలు రాసిన గుమాస్తా బదిలీ అయిపోతాడు, ఫైలు మాత్రం ఉంటుంది. ఆ తర్వాత పదిమంది దాన్ని చదివి నిర్ణయాలు తీసుకుంటారు. మన పింఛను లెక్కగట్టే ప్రోగ్రాము కూడా ఒకరు రాసినది, మరొకరు చదివి సరిదిద్దవలసినది. కనుక ఒక గుర్తు దగ్గర పెద్దలు నెలల తరబడి వాదించుకుంటే నవ్వకండి. ఆ గదిలో లేని చదువరి తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి కదా!