బడి గంట కొట్టిన తరువాత



మా హోసూరు పక్క గులాబీ తోటలు ఎక్కువని మీలో చాలామందికి తెలుసు. పూలను ఇరవై ఇరవైగా కట్టలు కట్టి మార్కెట్టుకు పంపుతారు. కొన్నేళ్ల కిందట నా తరగతిలో ఒక పిల్లవాడుండేవాడు. వాళ్లమ్మ తోటలో కూలికి పోయేది. సెలవు రోజుల్లో వీడూ వెంటపోయి కట్టలు లెక్కపెడుతూ కూర్చునేవాడు. ఒకరోజు నల్లబల్ల మీద 340ని 20తో భాగించమన్నాను. ఏ అంకె ఎక్కడ దించాలో తోచక సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాడు. పెదవులు మాత్రం కదులుతున్నాయి, తెలుగులో. "గొణగొద్దు, తమిళంలో చెప్పు" అని కసిరి కూర్చోబెట్టాను.

సాయంత్రం బస్సు కోసం నిలబడి ఉంటే, అమ్మతో కనబడ్డాడు. ఊరికే అడిగాను, మూడు నూర్ల నలభై పూలకు ఎన్ని కట్టలవుతాయిరా అని. "పదిహేడు సార్" అన్నాడు తడుముకోకుండా. ఎట్లా? "అయిదు కట్టలైతే నూరు. మూడు నూర్లకు పదిహేను. మిగిలిన నలభైకి రెండు."

పొద్దున నేను గొణుగుడు అనుకున్నది ఈ లెక్కనే. ఇలాంటి పద్ధతులు బీఈడీలో మాకు చెప్పలేదని అనను. చెప్పారు, నేనే మరిచిపోయాను.

ఇది ఒక్క మా ఊరి సంగతే కాదు. బ్రెజిల్ దేశంలో రెసీఫె నగర వీధుల్లో కొబ్బరికాయలూ అవీ అమ్మే పిల్లలను పరిశీలించి, 1985లో పరిశోధకులు ఒక వ్యాసం ప్రచురించారు. బేరంలో వచ్చిన లెక్కలను ఆ పిల్లలు నూటికి 98 వంతులు సరిగా చేశారు. అలాంటివే ఉత్త అంకెలుగా ఇస్తే 37 వంతులే. మన కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద జరిగిన అధ్యయనం 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. అక్కడా అదే కనబడింది. తిరగేసి చూస్తే మరొకటి కూడా: బడి లెక్కలు బాగా చేసే పిల్లలు అంగడి లెక్క దగ్గర తడబడ్డారు. అందుకని బడి మాన్పించి సంతకు పంపమని నేను చెప్పడం లేదు సుమా! ఈ రెండింటినీ కలిపేవాళ్లు కావాలి. సగం పని నాది. మిగతా సగం ఇంట్లో జరగాలి.

తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయింది. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కొక్క తరగతికి పాకింది. దాని మంచిచెడ్డలు ఇవాళ మాట్లాడబోను. ఉన్న చోటి భాష రావలసిందే, నేనూ ఆ భాషలోనే పాఠం చెబుతాను. కాని తెలుగులో ఆలోచించే బిడ్డకు ఆ ఆలోచనను మొదటినుంచి చివరిదాకా తెలుగులోనే చెప్పే చోటొకటి కావాలి. అది మీ ఇంటి అరుగే.

ఆ అరుగు మీద సుద్దతో పులి-మేక గీయండి. తమిళులు ఆడు పులి ఆట్టం అంటారు, కన్నడిగులు ఆడు హులి ఆట అంటారు. పాత గుళ్ల మండపాల్లో బండల మీద చెక్కిన గీతలు మీరు చూసే ఉంటారు. ఇరవైమూడు కూడళ్లు, మూడు పులులు, పదిహేను మేకలు. మేకలను ఒక్కొక్కటిగా దించాలి. పదిహేనూ దిగేవరకు ఏ మేకా కదలరాదు. మేక వెనక కూడలి ఖాళీగా ఉంటే పులి దాని మీదుగా దూకి చంపుతుంది. పులులు మూడూ కదలలేకుండా చుట్టుముడితే మేకలది గెలుపు. కనుక మేకను దించే ముందు, దాని వెనక ఏముంది, పులి ఎటు వస్తుంది, వస్తే తరువాతి మేక ఎక్కడ దిగాలి, ఇవన్నీ చూసుకోవాలి. మా పుస్తకాల్లో దీనికి పెద్ద పెద్ద పేర్లున్నాయి, వాటితో మనకు పనిలేదు.

ఆడించి ఊరుకోకండి, అడగండి: "ఏలప్పా, ఆ మేకను ఆడ పెడితివి?" జవాబు తప్పయినా మధ్యలో అందుకోకండి. పెద్దవాళ్లకు ఇదే కష్టం. నాకు మరీ కష్టం, ఇన్నేళ్లుగా జవాబులు చెప్పే ఉద్యోగం కదా! సెల్‌ఫోను దాచిపెట్టమని చెప్పను, మా ఇంట్లో నావల్లే కాలేదు. రోజూ పావుగంట చాలు.

అవ్వ దగ్గర పాత కొలపాత్రలుంటే అవీ తీయండి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. రాగులు పోసి, మానికకు ఎన్ని గిద్దలో బిడ్డనే కనుక్కోమనండి. మీరు చెప్పకండి.

మొదట చెప్పిన పిల్లవాడి సంగతి ముగించలేదు. మరునాడు వాణ్ణి మళ్లీ నల్లబల్ల దగ్గరకు పిలిచి, తెలుగులోనే చెప్పమన్నాను. వాడు చెబుతుంటే పక్కన తమిళంలో రాశాను. అంతలో కన్నడం మాట్లాడే ఒక అమ్మాయి లేచి, "నాది వేరే దారి సార్" అంది. 340లో సగం 170, అందులో పదోవంతు 17. అదీ రాశాను. వెనక బెంచీల్లో ఇంకా రెండు చేతులు లేచాయి. గంట కొట్టేశారు. ఎవరూ లేవలేదు.