చదరంగములో ప్రక్కదారి
(పాఠశాల చదరంగపు పోటీల ముగింపు సభలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగము)



గుడివాడలో జన్మించిన కోనేరు హంపి 2002లో, పదునైదేండ్ల ప్రాయమున, గ్రాండ్‌మాస్టరు అయినారని మీరెఱుగుదురు. ఆ యాటనుండి నేడొక చిన్న పాఠము చెప్పెదను.

బల్ల నడుమనున్న నాలుగు గడులు చదరంగమునకు ఆయువుపట్టు. కావున రాజు ముందరి బంటునో, మంత్రి ముందరి బంటునో రెండు గడులు నడపి ఆట మొదలిడుట సామాన్య మార్గము. డెన్మార్కు దేశీయుడైన బెంట్ లార్సెన్ పలుమార్లు దీనిని విడిచి, మంత్రివైపు గుఱ్ఱము ముందరి బంటును ఒక్క గడి మాత్రము జరిపెడివాడు. పైకిది పిఱికివాని యెత్తువలె తోచును. కాని బంటు విడిచిన గడిలో శకటు నిలిచి, ఐమూలగా నడిగడుల మీదుగా ఎదుటి రాజు కోటవఱకు గుఱిపెట్టును. నడుమ తాను నిలువక, అచట నిలిచిన ప్రత్యర్థి బంట్లను దూరమునుండి కదలించుటయే ఇందలి వ్యూహము. నిమ్జోవిచ్ మున్నగువారు 1920 దశకమున ఈ భావమును ప్రచారము చేసిరి.

1970లో బెల్‌గ్రేడు నగరమున సోవియట్ జట్టుకును, తక్కిన ప్రపంచపు జట్టుకును పోటీ జరిగినది. అందు లార్సెన్ ఈ యెత్తుతోనే నాటి జగజ్జేత బోరిస్ స్పాస్కీని ఎదుర్కొనెను. స్పాస్కీ రాజు బంటును ముందుకు నడపి గుఱ్ఱమును తఱిమెను. లార్సెన్ ఆ యొక్క గుఱ్ఱమునే మూడుమార్లు కదిపి మార్పిడి చేసికొనునంతలో స్పాస్కీ బలగము బయలుదేరెను. 14వ యెత్తున స్పాస్కీ తన మూలనున్న ఏనుగును శత్రువు మూలకే నడపి, బలియిచ్చి, బంటునకు దారి చేసెను. 17వ యెత్తున ఆ బంటు మంత్రి యాయెను. లార్సెన్ ఓటమి నంగీకరించెను.

ఆ సంవత్సరమే పాల్మాలో బాబీ ఫిషర్ అదే తొలియెత్తుతో మెకింగ్‌ను జయించెను. కావున దోషము తొలియెత్తునందు లేదు. ప్రక్కనుండి మొదలిడి నడుమను మఱచుటయందే యున్నది.

ఈ కుందలహళ్ళిలో తెలుగు మాధ్యమమున బిడ్డను చేర్చు తల్లి, “సారూ, మావాడు వెనుకబడిపోడు గదా?” అని నన్నడుగును. ధైర్యము చెప్పుదును గాని, పూర్ణాభయ మీయజాలను. తెలుగు మనకు ప్రక్కనున్న బంటు. దానిని కదిపినగాని ఆలోచనకు దారి తెఱచుకొనదు. అయినను మన మున్న సీమ కన్నడసీమ. పైచదువులకు ఆంగ్లము కావలెను. ఈ రెంటిపై తొలినాటినుండియే గుఱి నిలుపక, ఒకే పాఠమును మరల మరల వల్లెవేయుచు కాలము గడపితిమా, మన గతియు ఆ గుఱ్ఱపు గతియే యగును. ఈ హెచ్చరిక విద్యార్థులకంటె ముందు మా ఉపాధ్యాయులకు, అందును నాకు.

విద్యార్థులారా, నేటి సాయంకాలము చదరంగపు బల్ల మడిచిన పిమ్మట కన్నడ వాచకమును తెఱవుడు. సెలవు.